కడుపులో పడ్డ ముడి: చక్రాలు, వాతం, నరాల మధ్య నా మూడేళ్ళు

2021 నవంబరు. సెకండియర్ బైపీసీ పిల్లలకి బోర్డు మీద నాడీకణం బొమ్మ వేస్తున్నాను. ఆక్సాన్ గీత సగంలో ఉండగా, బొడ్డుకి నాలుగు వేళ్ళ పైన ఎవరో గుప్పెట బిగించి మెలిపెట్టినట్టయింది. వెంటనే గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతు పూడుకుపోవడం. సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాను. ముందు బెంచీ అమ్మాయి నీళ్ళ సీసా అందించింది. దాని మూత తిప్పడానికి నా వేళ్ళు రాలేదు.

ఆ ఏడాది మే నెలలో నాన్నగారు కోవిడ్‌తో పోయారు. ఆఖరి చూపు కూడా సరిగ్గా దక్కలేదు. తర్వాత ఆరు నెలలు అమ్మని చూసుకోవడం, పెన్షన్ కాగితాల చుట్టూ తిరగడం, కాలేజీ. ఈ పనుల్లో పడి ఏడవడానికి కూడా తీరిక చేసుకోలేదు.

ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, ఎండోస్కోపీ అన్నీ చేయించాను. అన్నీ నార్మల్. చివరికి సైకియాట్రిస్టు గారు వీటిని పానిక్ అటాక్స్ అంటారని చెప్పి, ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఆ మాత్రతో నిద్ర పట్టింది, దడ తగ్గింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడి నుంచి నేను రాసేదంతా యోగా గురించి, ఆయుర్వేదం గురించి. చదివినవాళ్ళెవరూ వాటి కోసం మాత్రలు మానేయకూడదు. నేను ఒకసారి మానేశాను. ఆ సంగతికీ వస్తాను.

దడ తగ్గింది గానీ కడుపులో ముడి మాత్రం పోలేదు. తెలిసినవాళ్ళు చెబితే దగ్గర్లో ఒక యోగా క్లాసులో చేరాను. హాల్లో గోడ మీద నిలువెత్తు పటం. పద్మాసనంలో కూర్చున్న మనిషి, వెన్ను పొడుగునా ఏడు రంగుల్లో ఏడు పద్మాలు, అంటే చక్రాలు. యోగా మాస్టారు కర్రతో ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పారు: మూలాధారం అంటే వెన్ను చివర ఉండే నరాల గుంపు, మణిపూరం అంటే సోలార్ ప్లెక్సస్, అనాహతం అంటే కార్డియాక్ ప్లెక్సస్, విశుద్ధం అంటే గొంతు దగ్గర నరాలు. "మీ సమస్యంతా మణిపూరంలో ఉందమ్మా" అన్నారు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే నేను చదువుకున్నది జువాలజీ. జీర్ణాశయం వెనక, పెద్ద ధమని ముందు, పన్నెండో ఛాతీ వెన్నుపూస ఎత్తులో నిజంగానే ఒక పెద్ద నరాల వల ఉంది. సీలియాక్ ప్లెక్సస్ అంటారు, దానికే సోలార్ ప్లెక్సస్ అని వాడుక పేరు. సరిగ్గా నాకు ముడి పడే చోటు అది. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న విషయానికీ, ఇంట్లో అమ్మ రోజూ చదువుకునే దేవీ స్తోత్రాల్లో వినిపించే మాటలకీ మధ్య తలుపు తెరుచుకున్నట్టనిపించింది.

డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి. కాకినాడలో, 1990ల్లో. స్కోలియోడాన్ అని చిన్న సొరచేప. దాని కపాల నాడులు అయిదు, ఏడు, తొమ్మిది, పది బయటికి తీసి చూపించడం మాకు ప్రాక్టికల్. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతుండగా ట్రే మీద వంగి, చర్మం, కండ నెమ్మదిగా ఒలుచుకుంటూ పోవాలి. పదో నాడి వేగస్. మొప్పల పక్కనుంచి వెనక్కి సాగుతూ, ఒక్కో మొప్పకీ ఒక్కో కొమ్మ ఇచ్చుకుంటూ, చివరికి గుండె వైపు, జీర్ణాశయం వైపు దిగిపోయే తెల్లటి దారం. ఫోర్సెప్స్ కాస్త గట్టిగా పట్టుకుంటే తెగిపోతుంది. నాది రెండుసార్లు తెగింది. మూడోసారి మొత్తం నాడి బయటపడేటప్పటికి ల్యాబులో లైట్లు వేసేశారు. నల్లకాగితం ముక్క దాని కింద దూర్చి, తెలుపు కనబడేలా పెట్టి, లెక్చరర్ గారి కోసం నిలబడ్డ ఆ క్షణం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. లాటిన్‌లో వేగస్ అంటే దేశదిమ్మరి అని ఆయనే చెప్పారు. తలలో పుట్టి కడుపు దాకా తిరిగొచ్చే నాడి కాబట్టి ఆ పేరు. మనిషిలోనూ అంతే.

ఆ సంబరంలో నేను రెండు తప్పులు చేశాను.

మొదటిది మాత్ర ఆపడం. మణిపూరం తెరుచుకోవాలంటే ఇంగ్లీషు మందులు అడ్డం అని క్లాసులో ఒకరు నమ్మకంగా చెప్పారు. నేను డాక్టరు గారిని అడగకుండా ఒక్కసారిగా మానేశాను. మూడో రోజు నుంచి తల తిప్పితే చాలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు చిన్న చిన్న జర్కులు. కళ్ళు తిరగడం, కారణం లేకుండా కన్నీళ్ళు. అది చక్రం తెరుచుకోవడం కాదు. మెదడు ఆ మాత్రకి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపితే వచ్చే లక్షణం. డాక్టరు గారు మళ్ళీ మొదలుపెట్టించారు. వారంలో సర్దుకుంది.

రెండోది కపాలభాతి, అంటే పొట్ట లోపలికి గుంజుతూ ఊపిరిని వేగంగా బయటికి కొట్టే ప్రాణాయామం. ఆత్రం కొద్దీ పది నిమిషాలు ఆపకుండా చేశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి, పెదవుల చుట్టూ తిమ్మిరి, ఒళ్ళంతా చీమలు పాకినట్టు. "శక్తి లేస్తోంది, ఆపకండి" అని పక్కన ఎవరో అన్నారు. అతిగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో నరాలు అతిగా స్పందించి తిమ్మిర్లు వస్తాయి. ఈ పాఠం నేనే చెబుతాను. కానీ ఆ చాప మీద కూర్చున్నప్పుడు నా చదువు నాకు గుర్తు రాలేదు, భయం మాత్రమే గుర్తొచ్చింది. పానిక్ ఉన్నవాళ్ళకి ఆ తిమ్మిరే ఇంకో అటాక్‌కి నిప్పురవ్వ. ఆ రోజు ఇంటికి ఆటోలో వచ్చాను, పక్కన కొలీగ్ చెయ్యి వదలకుండా.

అప్పుడు కూర్చుని తీరిగ్గా చదవడం మొదలుపెట్టాను. ఈ చక్రాలకీ నరాల గుంపులకీ పెళ్ళి చేసిందెవరు? నాకు దొరికిన వాటిలో గట్టిది 1927లో బొంబాయి డాక్టరు వసంత్ రేలే రాసిన పుస్తకం. వెన్ను అడుగున చుట్టుకుని ఉంటుందని యోగులు చెప్పే శక్తి, కుండలిని, వేగస్ నాడే అని ఆయన వాదన. మన శాస్త్రాన్ని కొత్త వైద్యం ముందు నిలబెట్టాలన్న తపన అది, నాకు అర్థమవుతుంది. కానీ అంతకు ముందే, 19వ శతాబ్దంలో, ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి ఇంకో దారి పట్టారు. గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకి లాగి, కోసి, గ్రంథాల్లో చెప్పిన చక్రాలు ఉన్నాయేమోనని వెతికారు. కనబడలేదు. ఆ పుస్తకాలని శవంతో పాటు నదిలో వదిలేశానని ఆయనే చెప్పుకున్నారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు నా సొరచేప ట్రే గుర్తొచ్చింది. వెతికిన ఆయన నిజాయితీకి దణ్ణం పెడతాను. వెతకాల్సిన చోటు మాత్రం అది కాదని ఇప్పుడు నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. పద్మాల రేకులు లెక్కపెట్టండి. మూలాధారానికి 4, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకి 2. నడినెత్తి మీది ఏడోదాన్ని వదిలేస్తే మొత్తం 50. ఒక్కో రేకు మీద ఒక్కో అక్షరం. గొంతు దగ్గరున్న పదహారు రేకుల మీద అ నుంచి అః దాకా అచ్చులు. గుండె దగ్గర క నుంచి ఠ దాకా. బొడ్డు దగ్గర డ నుంచి ఫ దాకా. అలా దిగి మూలాధారంలో వ, శ, ష, స. రెండు కనుబొమల మధ్య హ, క్ష. అంటే ఇది వర్ణమాల. ఉపాసకుడు తన ఒంటి మీద, పై నుంచి కింది దాకా, మాటనంతా పరుచుకోవడానికి వేసుకున్న పటం. సీలియాక్ ప్లెక్సస్‌కి పది కొమ్మలు వెతికితే దొరకవు, ఎందుకంటే ఆ పది కొమ్మల లెక్క కాదు, అక్షరాల లెక్క. ఆ ఏడు రంగుల హరివిల్లు వరస కూడా పాతది కాదు, 20వ శతాబ్దంలో వచ్చి చేరింది. పాత వర్ణనలో మణిపూరం రేకులు నీళ్ళు నిండిన మేఘం రంగు. మా హాల్లో పటంలో పసుపు.

అలాగని చక్రాలు వట్టివని నాకు అనిపించలేదు. నాకు ముడి పడింది నిజం. పడింది ఆ చోటే. అందుకే ఆ చోటుకి ఏదో అర్థం ఉండి తీరాలనుకున్నాను.

మా ఊళ్ళో ఒక ఆయుర్వేద వైద్యురాలున్నారు. ఆమె దగ్గరికి వెళ్ళాను. మూడు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నాడి చూడటమంటే అదే. మన తెలుగువాళ్ళకి ఇక్కడే పెద్ద చిక్కు. నాడి అంటే వైద్యురాలి చేతికి తగిలే ధమని కొట్టుకోవడం. నాడి అంటే నేను పాఠంలో చెప్పే నరం. నాడి అంటే యోగంలో ప్రాణం నడిచే దారులైన ఇడ, పింగళ, సుషుమ్న. ఒకే మాట మూడు శాస్త్రాల్లో మూడు వస్తువులకి పేరు. ఇక వాడుకలో నరం అంటే ఉబ్బిన సిర కూడా నరమే, పట్టేసిన కండర బంధం కూడా నరమే. "నాడి" అని వినగానే మూడూ ఒకటే అనుకోవడం మన తప్పు కాదు, మాట అలా దొరికింది.

ఆమె నన్ను చక్రాల గురించి ఒక్క ముక్క అడగలేదు. "అమ్మా, పొద్దున్న కాలేజీకి వెళ్ళాక ఒంటికి ఎన్నిసార్లు వెళ్తారు?" అని అడిగారు. నేను ఆగిపోయాను. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంట వరకు వెళ్ళను. కొన్ని రోజులు సాయంత్రం ఇంటికొచ్చేదాకా. మా దగ్గర లేడీస్ స్టాఫ్‌కి ఉన్న ఒక్క బాత్రూముకి నీళ్ళు సరిగ్గా రావు. అందుకని నీళ్ళు తాగడమే తగ్గించేశాను. పాతికేళ్ళుగా అంతే. టీచర్లుగా పనిచేసే ఆడవాళ్ళు ఎంతమంది ఇలా బతుకుతున్నారో నాకు తెలుసు. దీన్ని ఒక ఇబ్బందిగా ఎవరికీ చెప్పుకోలేదు, ఆ రోజు దాకా.

ఆమె చెప్పింది ఇది. చరకుడు ఆపకూడని వేగాలు, అంటే ఒంటికి సహజంగా వచ్చే తోపుళ్ళు, పదమూడు చెప్పాడు. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవులింత, తుమ్ము, వాంతి, అపానవాయువు, కన్నీళ్ళు. ఇలా వరసగా. వాటిని అదేపనిగా బిగబడితే కిందికి పోవాల్సిన అపాన వాయువు పైకి తిరగబడుతుంది, దాని పేరు ఉదావర్తం. కడుపులో మెలి, గుండె దగ్గర పట్టేసినట్టుండటం దాని లక్షణాలు. "మీరు రెండు వేగాలు ఆపారు" అన్నారామె. "మూత్రం ఒకటి. నాన్నగారి కోసం రావాల్సిన కన్నీళ్ళు ఒకటి."

అక్కడే ఏడ్చాను. ఆమె అరగంట ఎవరినీ లోపలికి పిలవలేదు.

వైద్యం పెద్ద ఆర్భాటంగా ఏమీ లేదు. వేళకి వేడి అన్నం, అందులో నెయ్యి. గోరువెచ్చటి నీళ్ళు. ఎనిమిది రోజులు కొద్ది మోతాదు నూనెతో బస్తి, అంటే మలద్వారం గుండా మందు ఎక్కించడం. వాతానికి ముఖ్య స్థానం పెద్దపేగు, వాతానికి బస్తి సగం వైద్యం అని పాతమాట. మళ్ళీ మళ్ళీ ఒకే హెచ్చరిక: "ఆ మాత్ర మీ డాక్టరు గారు చెప్పేదాకా ఆపొద్దు."

రోజూ పొద్దున్న నువ్వుల నూనెతో ఒళ్ళు మర్దన. ఇది నాకు ఎంత ఆసరా అయిందో మాటల్లో చెప్పడం కష్టం. స్టీలు గిన్నెలో నూనె పోసి, వేడినీళ్ళ గిన్నెలో దాన్ని నిలబెట్టేదాన్ని. వెచ్చబడేసరికి చిన్నప్పుడు దీపావళి తెల్లవారుజామున అమ్మ తలంటే వాసన. మొదట్లో గబగబా రాసేసి స్నానానికి పోయేదాన్ని. వైద్యురాలు చూపించారు, భుజం నుంచి మణికట్టు దాకా ఒక్క చెయ్యి ఎంత నెమ్మదిగా దిగాలో. తర్వాత చదివితే, వెంట్రుకలున్న చర్మంలో కొన్ని సన్నటి నరాలు ఉన్నాయట. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరితేనే అవి బాగా పలుకుతాయి. గబగబా రుద్దితే పలకవు. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం అదే. ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు మర్దన గురించి చెబుతూ తల, చెవులు, పాదాలు మరీ ముఖ్యం అన్నాడు. చెవికి వేగస్ నాడి కొమ్మ ఒకటి వస్తుంది. కాబట్టి వాగ్భటుడికి వేగస్ తెలుసు అని రాసేస్తే బాగుంటుంది. కానీ రాయను. అదే శ్లోకంలో పాదాలూ ఉన్నాయి, అక్కడికి వేగస్ పోదు. ఆయనకి తెలిసింది నూనె రాసిన ఒళ్ళు, రాయని ఒళ్ళు. అది చాలు.

వాతం అంటే నాడీ వ్యవస్థే అని కూడా చాలామంది తేల్చేస్తారు. చరకుడు వాయువు గురించి అన్న మాట నిజంగానే అబ్బురపరుస్తుంది: "నియంతా ప్రణేతా చ మనసః". మనసుని అదుపు చేసేదీ, నడిపేదీ అదే. ప్రాణ, ఉదాన, సమాన, వ్యాన, అపాన అని అయిదు. అందులో అపానం చేసే పనులు, వెన్నుపాము చివర త్రికంలో రెండు నుంచి నాలుగో నాడుల దాకా చేసే పనులు పక్కపక్కన పెడితే దాదాపు సరిపోతాయి. కానీ బుద్ధికీ తెలివికీ చోటైన సాధక పిత్తాన్ని ఆయుర్వేదం గుండెలో పెట్టింది, మెదడులో కాదు. ఒకచోట అతికిన లెక్క ఇంకోచోట అతకదు. అతకనివ్వకుండా వదిలేయడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

మరి నా ముడి సంగతి?

దానికి జవాబు నాకు గ్రంథంలోనూ పాఠంలోనూ కంటే ముందు మన మాటల్లో దొరికింది. భయమేస్తే కాళ్ళు చల్లబడ్డాయంటాం. దిగులుగా ఉంటే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుందంటాం. దుఃఖమొస్తే గుండె చెరువవుతుంది. చెప్పలేని మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడుతుంది. కోపమొస్తే నొసలు ముడిపడుతుంది. ఒంట్లో కింది నుంచి పైకి వెళ్ళే వరస ఇది, చక్రాల వరసే. ఈ మాటలు అన్నవాళ్ళెవరూ శవాన్ని కోయలేదు, ఉపాసనా చేయలేదు. ఒంట్లో మనసు ఎక్కడెక్కడ తెలుస్తుందో చెప్పారంతే.

నాడీశాస్త్రం ఇక్కడ చెప్పే మాట నాకు గొప్పగా తోచింది. వేగస్‌లోని తంతువుల్లో దాదాపు 80 శాతం మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు తెచ్చేవి కావు. కడుపు, పేగులు, గుండె, ఊపిరితిత్తుల కబురు పైకి మోసేవి. పేగుల గోడల్లోనే పదికోట్లకి పైగా నాడీకణాలున్నాయి. అంటే కడుపు మాట్లాడుతూనే ఉంటుంది, మనం వినేది తక్కువ. చక్రం నరాల గుంపు కాదు. ఆ కబురు వినడానికి మనసుని కూర్చోబెట్టే చోటు. నాకు అలా అర్థమైంది, అలా పనికొచ్చింది.

యోగా క్లాసు మారాను. కొత్త టీచరు పటం ఏదీ చూపించలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి బొడ్డు పైన, రెండో చేతి మూడు వేళ్ళు మెడ పక్క నాడి మీద పెట్టించారు. నాలుగు లెక్కపెడుతూ గాలి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. బయటికి వదిలేటప్పుడు నా వేళ్ళ కింద నాడి నెమ్మదించింది. పీల్చేటప్పుడు మళ్ళీ త్వరపడింది. శ్వాస పీల్చేటప్పుడు గుండె మీద వేగస్ పట్టు సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. ఎన్నోసార్లు బోర్డు మీద రాసిన వాక్యం. వేళ్ళ కింద ఎప్పుడూ తగల్లేదు. యాభై దగ్గరపడ్డ వయసులో తగిలింది.

ఇంకో సంగతి. అమ్మ రోజూ సాయంత్రం విష్ణు సహస్రనామం చదువుతుంది. ఒకరోజు గడియారం పెట్టుకుని విన్నాను. శ్లోకానికి ఒక ఊపిరి. నిమిషానికి అయిదారు శ్లోకాలు. 2001లో ఇటలీ శాస్త్రవేత్త లూచియానో బెర్నార్డి బృందం క్రైస్తవుల జపమాల ప్రార్థననీ, ఓం మణి పద్మే ఓం అనే మంత్రాన్నీ కొలిచి చూసింది. రెండూ శ్వాసని నిమిషానికి ఆరుకి దగ్గరగా తెచ్చాయి, గుండె లయ దానితో కుదురుకుంది. నాన్న పోయాక అమ్మ నాకంటే నిబ్బరంగా ఎలా ఉందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. అప్పటి నుంచి నేనూ పక్కన కూర్చుని చదువుతున్నాను. గొంతు కలిపితే అమ్మ మొహంలో వచ్చే వెలుగు కూడా ఒక కారణం.

1924లో లోనావ్లాలో కైవల్యధామం పెట్టిన స్వామి కువలయానంద యోగక్రియల్ని ఎక్స్‌రేలతో, కొలతలతో పరీక్షించడం మొదలుపెట్టారు. పేర్లు కలపడం కంటే అలా కొలిచి చూడటమే మన శాస్త్రానికి ఎక్కువ గౌరవం అని నాకనిపిస్తుంది.

2023లో డాక్టరు గారే మాత్రని 10 నుంచి 5కి తగ్గించి, నాలుగు నెలల్లో పూర్తిగా ఆపించారు. ఈసారి జర్కులు రాలేదు. కాలేజీలో మేం నలుగురం లేడీస్ స్టాఫ్ కలిసి ప్రిన్సిపాల్ గారికి కాగితం పెట్టాం. బాత్రూముకి వేరే ట్యాంకు వచ్చింది. నేనిప్పుడు రెండో పీరియడ్ తర్వాత వెళ్తాను, బెల్లు మోగినా సరే.

ముడి పూర్తిగా పోలేదు. మొన్న ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌లో రెండో బండిల్ అయ్యాక వచ్చింది. ఆ రోజు నాన్నగారి పుట్టినరోజు. వరండాలోకి వెళ్ళి స్తంభానికి ఆనుకుని, బొడ్డుకి నాలుగు వేళ్ళ పైన చెయ్యి పెట్టుకున్నాను. ఆరు లెక్కపెడుతూ వదిలాను. కన్నీళ్ళొచ్చాయి, ఆపలేదు. మొహం కడుక్కుని వచ్చి మూడో బండిల్ దారం విప్పాను.